హనుక్కా వత్తులూ, ధర చీటీ ఊడని పెనమూ

జర్మనీలో డిసెంబరు సూర్యుణ్ణి నమ్ముకుని ఏ పనీ పెట్టుకోకూడదు. పొద్దున ఎనిమిది దాటాక బద్ధకంగా వస్తాడు. వచ్చినా మబ్బు చాటునే ఉంటాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతాడు. అలాంటి దేశంలో సూర్యాస్తమయమే గడువుగా ఉన్న పండగను చూద్దామని బయల్దేరడం నా తెలివితక్కువ. దినపత్రికలో పనిచేసినన్నాళ్ళూ గడువులతోనే వేగాను. రిటైరయ్యాక ఖర్చుపెట్టుకుని మరీ ఇంకో గడువు వెతుక్కుంటూ వెళ్ళినట్టయింది.

నిజానికి వెళ్ళింది మా మేనకోడలు మాధవిని చూడడానికి. ఆమె బ్రెమెన్‌లో విమాన భాగాల కంపెనీలో ఇంజనీరు. "మా పైఅంతస్తులో ఒక యూదు పెద్దాయన ఉన్నారు మావయ్యా. వాళ్ళకీ దీపాల పండగుంది. ఎలాగూ వస్తున్నారుగా, డిసెంబర్లో రండి" అంది. పండగ పేరు హనుక్కా. ఎనిమిది రాత్రులు. మొదటి రాత్రి ఒక దీపం, రెండో రాత్రి రెండు, అలా ఎనిమిదో రాత్రికి ఎనిమిది. ఎప్పుడో రెండు వేల ఏళ్ళ కిందట పరాయి రాజులు మైలపరిచిన గుడిని తిరిగి శుద్ధి చేసి దీపం పెడితే, ఒక్క రోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందట. ఈ కథ నాకు కలిసిన ప్రతి ఒక్కరూ చెప్పారు. నాకు తెలుసు అన్నా చెప్పారు.

మ్యూనిక్‌లో పోలీసుల వీపులు

విమానం దిగింది మ్యూనిక్‌లో. పాత సహోద్యోగి కొడుకు కిరణ్ అక్కడ కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మన ఊళ్ళో మూడు పడగ్గదుల ఇంటికి ఇచ్చే అద్దెకు రెండింతలు పోసి అతను ఉంటున్నది ఒక గదిలో. నా పెట్టె లోపలికి వస్తే అతని కుర్చీ బయటికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజే పండగలో మొదటి రాత్రి. ఊరి మధ్య కూడలిలో బహిరంగంగా దీపం వెలిగిస్తారని చెప్పి తీసుకువెళ్ళాడు.

ఇంటి ఎత్తున ఇనుప దీపస్తంభం నిలబెట్టారు. వెలిగించే పెద్దమనిషిని వీధి దీపాల మరమ్మతుకు వాడే బుట్టలో నిలబెట్టి యంత్రంతో పైకి లేపారు. కింద మైకు, ఉపన్యాసాలు, తుంపర. చుట్టూ పోలీసులు. జనానికి ఎదురుగా కొందరు, వీధికి ఎదురుగా కొందరు. నేను నిలబడిన చోటికి వీధికేసి తిరిగినవాళ్ళ వీపులు బాగా కనిపించాయి. దీపం సంగతి మర్నాడు పొద్దున కిరణ్ ఫోన్‌లోని ఫొటోలో చూశాను. కాళ్ళు కొయ్యబారిపోతుంటే అక్కడే అమ్మే ఒక తీపి పదార్థం కొనిపెట్టాడు. పూర్ణం తీసేసి జామ్ కుక్కిన బూరె అనుకోండి, పైన పంచదార పొడి. పేరు క్రాప్ఫెన్. ఒక్కటి రెండు యూరోల పైనే. రెండొందల రూపాయల బూరె తింటున్నానన్న బాధలో రుచి సరిగా తెలియలేదు.

కుటుంబాలు పండగ ఎలా చేసుకుంటాయని కిరణ్‌ను అడిగాను. తనకు తెలిసిన యూదులు ఎవరూ లేరన్నాడు. ఉన్నా చెప్పుకోరేమో అన్నాడు. ఆ రెండో మాట కొంచెం ఆలస్యంగా అన్నాడు.

కాట్‌బస్‌లో రష్యన్ మాట్లాడే పండగ

అక్కడినుంచి కాట్‌బస్ వెళ్ళింది హారిక కోసం. కరీంనగర్ మిత్రుడి మనవరాలు, అక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది. తాతగారు పంపిన పచ్చళ్ళ డబ్బా నా పెట్టెలో కారి నా రెండు చొక్కాలు ఎర్రబడ్డాయి. డబ్బా ఇచ్చేశాను. చొక్కాల సంగతి తాతగారికి ఇక్కడినుంచే తెలియజేస్తున్నాను.

ఊరు చిన్నది. ఒకప్పటి చర్చినే ఇప్పుడు యూదుల ప్రార్థనా మందిరం చేసుకున్నారు. మందిరం ఎదుట ఇక్కడా పోలీసు బండి. దారిలో బేకరీ ముందు ఆగి, అద్దం వెనక ఉన్న జామ్ బూరెను చూపించి ఒక క్రాప్ఫెన్ ఇమ్మన్నాను. అమ్మే ఆవిడ నన్ను చూసిన చూపు మంచిది కాదు.

"అంకుల్, గిక్కడ గట్ల అనొద్దు. దీన్ని ప్ఫన్‌కూఖెన్ అంటరు. మ్యూనిక్ పేరు పెడితే మొకం మాడ్చుకుంటరు" అంది హారిక.

అదే బూరె, అదే జామ్. నాలుగు రోజుల్లో పేరు మార్చుకుంది. ధర మాత్రం కొంచెం తగ్గింది.

నాలుగో రాత్రి దీపాలకు ఒక పెద్దావిడ మమ్మల్ని లోపలికి రానిచ్చారు, పాస్‌పోర్టులు చూశాకే. లోపల జర్మన్ మాట ఒక్కటీ వినపడలేదు. అంతా రష్యన్. వీళ్ళలో చాలామంది సోవియట్ దేశం విడిపోయాక ఉక్రెయిన్ నుంచి, రష్యా నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ తమ గుర్తింపు కాగితంలో యూదులని రాసి ఉండేదనీ, పండగేమిటో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదనీ, అదంతా జర్మనీ వచ్చాక పెద్దవయసులో నేర్చుకున్నామనీ ఆవిడ చెప్పారు. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళందరిలాగే ఆవిడా నియమాల విషయంలో గట్టి మనిషి. కొవ్వొత్తులు కుడినుంచి ఎడమకు పేర్చాలి. వెలిగించేటప్పుడు ఎడమనుంచి కుడికి రావాలి. వాటిని అగ్గిపుల్లతో కాకుండా పక్కనే ఎత్తుగా ఉండే మరో కొవ్వొత్తితో, అంటే సేవకుడి లాంటి దానితో వెలిగించాలి. నాకిచ్చిన కరపత్రం పట్టుకుని దీపాల దగ్గరికి జరిగి చదువుకోబోతే ఆవిడ దాన్ని నా చేతిలోంచి లాగేశారు. ఆ వెలుగులో చదవకూడదట. లెక్కపెట్టకూడదు, కుట్టుకోకూడదు, ఏ పనికీ వాడుకోకూడదు. ఊరికే చూడాలి. చూడడానికి తప్ప దేనికీ పనికిరాని దీపం ఒకటుంటుందని అరవై ఎనిమిదేళ్ళ వయసులో తెలుసుకున్నాను.

క్రిస్మస్ చెట్టుతో సహప్రయాణం

శుక్రవారం తెల్లవారకుండానే బ్రెమెన్‌కు బయల్దేరాను. మాధవి మరీమరీ చెప్పింది: "మధ్యాహ్నానికి వచ్చెయ్యండి మావయ్యా. పైన గ్రిగొరీ గారు ఈరోజు మిమ్మల్ని పిలిచారు. నాలుగు దాటితే ఇంక ఏం లేదట."

బెర్లిన్‌లో ఎక్కాల్సిన రైలు రాలేదు. తర్వాతది వచ్చింది కానీ కదల్లేదు. కదిలాక ఊరు దాటి పొలాల మధ్య ఆగిపోయింది. ముందున్న రైలు వల్ల ఆగామని మైకులో చెప్పారు. ముందున్న రైలు ఎందుకాగిందో చెప్పలేదు. నా పక్క సీట్లో ఒక పెద్దమనిషి, ఆయన పక్కన దారికి అడ్డంగా వలలో బిగించిన క్రిస్మస్ చెట్టు. అటూ ఇటూ వెళ్ళే ప్రతి మనిషీ దాన్ని దాటుతూ ఆకులు నా ఒళ్ళో రాల్చి పోతున్నాడు. ఆయన చాలాసేపు గడియారం చూసుకుని, చివరికి నావైపు తిరిగి, మీ దేశంలో రైళ్ళు బాగా ఆలస్యంగా నడుస్తాయట కదా అని అడిగాడు. ఇక్కడికొచ్చి నేర్చుకుని వెళ్ళాయని చెప్పాను. ఆయన నవ్వలేదు. ఒక నిమిషం ఆలోచించి, అలా జరగడానికి అవకాశం ఉందని ఒప్పుకున్నాడు.

హనోవర్‌లో మారాల్సిన బండి నా కళ్ళముందే వెళ్ళిపోయింది. బ్రెమెన్ స్టేషన్లో దిగేసరికి రెండు దాటింది. ఆకలికి తట్టుకోలేక స్టేషన్లోనే బేకరీకి వెళ్ళి, నేర్చుకున్న పాఠం మర్చిపోకుండా ప్ఫన్‌కూఖెన్ అడిగాను. ఇక్కడ ఆ పేరు పెనం మీద పోసే అట్టుదట. బూరె కావాలంటే బెర్లినర్ అనాలి. బెర్లిన్‌లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. నేను వేలు పెట్టి చూపించి కొనుక్కున్నాను.

మెట్ల మీద ఉల్లిపాయ వాసన

మాధవి ఉండేది మొదటి అంతస్తు, వీధి గుమ్మం దాకా ఎదురొచ్చింది. మెట్లెక్కుతుంటేనే నూనెలో వేగే ఉల్లిపాయ వాసన. "ఇది మన ఇంట్లోంచి వచ్చుంటే ఈపాటికి కిందావిడ తలుపు కొట్టేది" అంది మాధవి. నా పెట్టె గుమ్మంలో వదిలి నన్ను నేరుగా పైకి తీసుకువెళ్ళింది.

గ్రిగొరీ గారు లిఫ్టులు బాగుచేసే పని చేసి రిటైరైన మనిషి. సొంత ఊరు ఉక్రెయిన్‌లో. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మాట్లాడేది జర్మన్, రష్యన్. నాకు రెండూ రావు. మాధవి మధ్యలో నిలబడింది. మనిషి భారీగా ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చాడేమో అనుకున్నాను. చేతిలో ఉల్లిపాయ ఉంది.

ఆయన బాధ మాధవి ముందే కొంత చెప్పింది, మిగతాది అక్కడ తెలిసింది. ఒక్కతే కూతురు. పేరు మరీనా, ఇప్పుడు మిర్యాం అని పెట్టుకుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లెక్కల టీచరు. తండ్రి మతం మాటెత్తకుండా బతికినవాడు. కూతురు చదువుకునే రోజుల్లో నియమాల్లో పడింది. అప్పటినుంచి తండ్రి ఇంటికొస్తే తన డబ్బా తను తెచ్చుకుంటుంది, కాగితం పళ్ళెంలో తింటుంది, రాత్రికి ఉండదు. ఆయన వంటింట్లో పంది మాంసం వండిన పెనాలున్నాయి, వాటిలో వండినదేదీ ఆమెకు పనికిరాదు.

నాకు మా అమ్మమ్మ మడి గుర్తొచ్చింది. తడిబట్టతో వంట చేసి, మమ్మల్ని గుమ్మం అవతలే నిలబెట్టిన మనిషి. ఆ మడిమీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు కాబట్టి, చూడని ఆ కూతురి మీద అప్పుడే కొంచెం కోపం వచ్చింది.

"ఆయనేమంటున్నారంటే, నేను పెంచిన పిల్ల నా చేతి ముద్ద తినదు, నేనేమైనా విషం పెడతానా, అంటున్నారు" అని మాధవి నెమ్మదిగా అనువదించింది.

ఈసారి ఫోన్ చేసి, శుక్రవారం నాన్న ఇంట్లోనే దీపాలు పెడతాను, శనివారం కూడా ఉంటాను అందట. అయితే నాలుగులోపు అన్నీ కుదరాలి. కుదరకపోతే పక్క వీధిలో నియమంగా ఉండే ఇంకో కుటుంబం పిలిచింది, అక్కడికి నడిచి వెళ్తుంది. వాళ్ళకు శుక్రవారం సూర్యాస్తమయంతో విశ్రాంతి దినం మొదలవుతుంది. ఆ తర్వాత నిప్పు ముట్టుకోరు, స్విచ్చు వెయ్యరు, బండెక్కరు.

అందుకని ఆయన కొత్త పెనం కొన్నాడు, కొత్త పళ్ళాలు కొన్నాడు. ధర చీటీ తీస్తే పాతదనుకుంటుందేమోనని పెనం పిడిమీద చీటీ అలాగే ఉంచాడు. బంగాళాదుంపలు తురిమి, నీళ్ళు పిండి, ఉల్లిపాయ, గుడ్డు కలిపి నూనెలో చిన్న అట్లలా వేయిస్తున్నాడు. లాట్కె అంటారు. పొగకు మోగే గంట ఒకటి కప్పుకు ఉంటుంది ఇక్కడి ఇళ్ళల్లో. దానికి స్నానానికి వాడే ప్లాస్టిక్ టోపీ తొడిగాడు. మాధవి దాన్ని చూసి, ఇల్లు అద్దెకిచ్చిన కంపెనీకి తెలిస్తే ఇంకేమైనా ఉందా అని తెలుగులో నాతో గొణిగింది. ఆ మాట ఆయనకు అనువదించలేదు.

మిర్యాం రైలు కూడా ఆలస్యమైంది. ఈ దేశంలో సమయానికి వస్తున్నది సూర్యాస్తమయం ఒక్కటే. ఆమె వచ్చేసరికి కిటికీ అవతల ఆకాశం బూడిదరంగు నుంచి నీలానికి తిరుగుతోంది. పొట్టి మనిషి, తలకు గుడ్డ కట్టుకుంది, చక్రాల పెట్టె గుమ్మంలో వదిలి నేరుగా వంటింట్లోకి వచ్చింది. పెనం పిడి తనవైపు తిప్పి చీటీ చూసింది. నూనె సీసా మీద గుర్తు చూసింది. గుడ్లు ఎక్కడ పగలగొట్టావని అడిగింది. తండ్రి పరీక్ష హాల్లో కుర్రాడిలా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె తల ఊపింది. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది.

తర్వాత ఆమె దీపాల బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇత్తడి స్తంభంలో రంగురంగుల సన్న కొవ్వొత్తులు ఆరు, సేవకుడిది ఒకటి. ఆయన ముందే పేర్చిపెట్టాడు, కుడినుంచి ఎడమకే. ఒకటి తీసి వేళ్ళమధ్య పట్టుకుని చూసింది. రష్యన్‌లో ఏదో చిన్నగా అంది. ఆయన మొహం పాలిపోయింది.

మాకు ఇంగ్లీషులో చెప్పింది. ఈ కొవ్వొత్తి అరగంటే వెలుగుతుంది. మిగతా రోజుల్లో చీకటి పడ్డాక వెలిగిస్తారు, అరగంట చాలు. శుక్రవారం మాత్రం పొద్దు ఉండగానే వెలిగించాలి, అది చీకటి పడి అరగంట అయ్యేదాకా నిలవాలి. అంటే దీనికి మూడింతలు కావాలి. ఆ సంగతి ఆయన కొన్న పెట్టె మీద ఎక్కడా రాసి లేదు.

ప్రమిదలు

ఇక మిగిలింది నిమిషాలే. అంగడికి వెళ్ళి రావడానికి చాలదు, పైగా క్రిస్మస్ ముందు శుక్రవారం, బిల్లు కట్టే వరస వీధిదాకా ఉంటుంది. రేకు గిన్నెల్లో వచ్చే చిన్న కొవ్వొత్తులున్నాయా అని మిర్యాం అడిగింది. తన పెట్టెలో ఉన్నవి రెండే, అవి విశ్రాంతి దినం దీపాలకు. మాధవి ఉన్నాయంటూ పరుగెత్తుకెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. మూత తీస్తే అన్నీ బ్యాటరీవి. బాల్కనీలో నిజం దీపాలు పెడితే ఊరుకోరని దీపావళికి ఇవే పెడుతోందట.

గ్రిగొరీ గారు కుర్చీలో కూలబడ్డాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆ సన్న కొవ్వొత్తులనే చూస్తున్నాడు. ఏదో అన్నాడు. మాధవి అనువదించలేదు, మిర్యాం అనువదించింది.

"నువ్వు అక్కడికే వెళ్ళమ్మా, అంటున్నాడు."

అప్పుడు నాకు చిరాకు ముంచుకొచ్చింది. దీపం పెట్టడం ఇంత కష్టమా? ఎదురుగా బల్లమీద లీటరు ఆలివ్ నూనె పెట్టుకుని!

"పూజ దగ్గర పెట్టుకునేవి ప్రమిదలున్నాయా లేవా?" అని మాధవిని అడిగాను.

"కెల్లర్లో ఉన్నాయి మావయ్యా. వత్తులు మాత్రం కార్తీకంలోనే అయిపోయాయి."

"దూది?"

"మేకప్ తుడుచుకునే వాటెపాడ్స్ ఉన్నాయి."

కెల్లర్ అంటే కింద నేలమాళిగలో ఒక్కో ఇంటికి ఒక్కో గది. మాధవి అటు పరుగెత్తింది. నేను దూది బిళ్ళల పొరలు ఊడదీసి వత్తులు చేయడానికి కూర్చున్నాను. మా అమ్మ కార్తీకమాసమంతా వత్తులు చేసేది, పక్కన నన్నూ కూర్చోబెట్టేది. వేళ్ళకు కాస్త విభూతి అద్దుకుంటే వత్తి బిగుస్తుంది. బ్రెమెన్‌లో యూదుల వంటింట్లో విభూతి ఎక్కడినుంచి వస్తుంది? దుంప తురుము పిండిన నీళ్ళగిన్నె అడుగున తెల్లగా పిండి పేరుకుని ఉంది. అదే అద్దుకున్నాను. మేకప్ దూది మొండిది, రెండు తెగిపోయాయి, మూడోది కుదిరింది.

మాధవి అట్టపెట్టె తెచ్చింది. కొన్ని ప్రమిదలు నల్లబడి ఉన్నాయి, కొన్ని అసలు వాడనివి. మిర్యాం నల్లవి పక్కన పెట్టేసింది. ఒకసారి వెలిగించిన మట్టి దీపం ఈ పండగకు పాతదైనట్టేనట. మాధవి ఆశ్చర్యంగా నావైపు చూసింది. మన పెద్దవాళ్ళూ అదే అనేవారు. కొత్తవి వెతికి పక్కన పెడితే సరిపోయాయి. గ్రిగొరీ గారు లేచి వాటిని ఒక్కొక్కటీ తీసుకుని కొత్త తువ్వాలుతో దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. ఆ భారీ వేళ్ళలో ప్రమిద గుడ్డుపెంకులా ఉంది.

నేను అలవాటు ప్రకారం ఒక్కో ప్రమిదలో రెండేసి వత్తులు వేశాను.

"ఇది కుదరదు మిస్టర్ రావ్. ఒక గిన్నెలో రెండు మంటలుంటే రెండు దీపాల లెక్క. అప్పుడు పన్నెండవుతాయి. ఇవాళ ఆరో రాత్రి" అంది మిర్యాం.

"ఒంటి వత్తి నేను వెయ్యనమ్మా."

"ఎందుకు?"

మా ఇళ్ళలో ఒంటి వత్తి వెలిగించేది ఏ సందర్భంలోనో పండగపూట నోటితో చెప్పేది కాదు. చెప్పకపోతే ఆమె వినేలా లేదు. మనిషి పోయిన ఇంట్లో, అని చెప్పాను. ఆమె గడియారం చూసింది, ప్రమిద చూసింది, నన్ను చూసింది. ఇద్దరు చాదస్తులం, మధ్యలో సూర్యుడు. మాధవి తల పట్టుకుంది.

"మావయ్యా, రెండూ కలిపి మెలేస్తే ఒకటే మంట వస్తుందిగా. మన ఇంట్లో అంతేగా చేస్తాం."

అంతే చేస్తాం. తొందరలో విడివిడిగా పడేశాను. మెలేశాను. మిర్యాం వంగి, కొనలు వేలితో నొక్కి చూసి, "ఒకటే మంట రావాలి" అంది. "వస్తుంది" అన్నాను. నాకు అంత నమ్మకం లేదు.

బల్లను కిటికీ దగ్గరికి జరిపారు. గ్రిగొరీ గారు తెర మూయబోయి ఆగి, కూతురి వైపు చూశాడు. దీపాలు వీధికి కనపడాలనేది నియమం, అయినా ఆమె ఆయన్ని ఆపలేదు. ఆయనే వదిలేశాడు. వెలిగించాల్సింది ఇంటి పెద్ద. మంత్రం కూతురు ముక్కముక్కగా చెబుతుంటే తండ్రి తిరిగి అన్నాడు, మన పురోహితుడు సంకల్పం చెప్పించినట్టే. సేవకుడి కొవ్వొత్తితో ఎడమ చివరినుంచి ఒక్కో ప్రమిదే ముట్టించాడు. ఆరూ వెలిగాయి, ఒక్కొక్కటీ ఒకటే మంట. ఆ వెంటనే మిర్యాం తన రెండు దీపాలు వెలిగించి, చేతులతో కళ్ళు మూసుకుంది. కిటికీ అవతల ఎదురింటి పైకప్పు మీద కాస్త ఎర్రదనం ఇంకా ఉంది.

చీకటి పడ్డాక

ఆ తర్వాత ఎవరికీ పని లేదు. దీపాలు వెలుగుతున్నంతసేపు ఆడవాళ్ళు పని ముట్టరట. మాధవికి ఆ నియమం చాలా నచ్చింది. పాత కిటికీ సందులోంచి సన్నగా గాలి వస్తోంది. కొసన ఉన్న ఆరో దీపం రెండు మూడుసార్లు తల వంచి, బాగా చీకటి పడకముందే కొండెక్కింది. దీపం ఆరిందనే మాట ఇప్పటికీ నా నోట రాదు.

నా చెయ్యి అగ్గిపెట్టె మీదికి వెళ్ళింది. నియమం వాళ్ళకు, నాకు కాదుకదా.

"వద్దు మిస్టర్ రావ్, ఉండనివ్వండి. సరిగ్గా వెలిగించాం. తర్వాత ఆరితే మళ్ళీ వెలిగించనక్కర్లేదు" అంది మిర్యాం.

గ్రిగొరీ గారు నల్లబడిన ఆ వత్తినే చూస్తున్నాడు. రష్యన్‌లో ఏదో అడిగాడు. లెక్కకు వస్తుందా అనే అడిగి ఉంటాడు. ఆమె వస్తుందన్నట్టు తల ఊపింది. ఆయనకు నమ్మకం కలగలేదు. దీపాలకేసి ఒకసారి, గుమ్మంలో ఉన్న ఆమె పెట్టెకేసి ఒకసారి చూస్తున్నాడు.

నేనూ ఊరుకోలేకపోయాను. ఆరు ఉండాల్సిన చోట ఐదే ఉంటే లెక్క తప్పినట్టు కాదా అని ఇంగ్లీషులో అడిగాను. ఆమె కూడా తండ్రికి రాని ఆ భాషలోనే, గొంతు తగ్గించి జవాబిచ్చింది.

"అసలు నియమం ఒక్క దీపమే. ఇంటికి ఒక్కటి చీకటిదాకా నిలిస్తే చాలు. మిగతావి అందానికి."

"ఒక్కటే చాలా? మరి ఇంత హడావిడి ఎందుకు పెట్టావమ్మా? నేను పిండితో వత్తులు చేశాను, మా మాధవి నేలమాళిగకు పరుగెత్తింది!"

"చెబుదామనుకున్నాను. అప్పటికే నాన్న ప్రమిదలు తుడుస్తున్నాడు." వెలుగుతున్న ప్రమిదలకేసి తిరిగింది. "చిన్నప్పుడు స్కూల్లో ఎవరో చెప్తే విని ఇంట్లో కొవ్వొత్తి పెట్టాను. ఇలాంటివన్నీ మనకెందుకని ఆయనే ఊదేశాడు."

మరి ఆ పక్క వీధి కుటుంబం సంగతేమిటని అడిగాను. రాలేనని రైల్లోంచే ఫోన్ చేసి చెప్పేసిందట. ఆ రైలు ఆగి ఉన్నప్పుడు చేయడానికి ఇంకో పని కూడా లేదంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ముక్క గుమ్మంలో చెప్పి ఉంటే ఒక మనిషి కుర్చీలో అలా కూలబడేవాడు కాదు. ఆ మాటే అనబోయాను. ఇంతలో ఆమె తండ్రివైపు తిరిగి రష్యన్‌లో ఒక చిన్న మాట అంది. ఆయన ఒక్క ఉదుటున లేచాడు. ఆకలేస్తోంది అందట.

ద్రాక్షరసం గ్లాసు పట్టుకుని ఆమె ఏదో చదివింది, చేతులు కడుక్కుని రొట్టె తుంచింది. ముందే వేడి పళ్ళెం మీద పెట్టి ఉంచిన లాట్కెలు వచ్చాయి, ఆపిల్ గుజ్జుతో. కొత్త పింగాణీ పళ్ళెంలో, కాగితం పళ్ళెంలో కాదు. అంచులు కరకరలాడుతున్నాయి, లోపల మెత్తగా ఉంది, ఉప్పు తక్కువ. మాధవి కళ్ళు పచ్చిమిరపకాయ కోసం వెతుకుతున్నాయి. మిర్యాం ఒకటి తిని, అడక్కుండానే ఇంకోటి వేసుకుంది. గ్రిగొరీ గారు తినలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆమె నోటికేసి చూస్తూ కూర్చున్నాడు. చివర్లో బ్రెమెన్ బేకరీలో దొరకని, నియమంగా వండిన జామ్ బూరెలు ఆమె పెట్టెలోంచి వచ్చాయి. వాటి పేరు సుఫ్గానియా. నాలుగో పేరు. నేను ఎవరినీ ఏమీ అడగకుండా తిన్నాను.

శనివారం రాత్రి

మర్నాడు చుక్కలు పొడిచాక విశ్రాంతి దినం ముగిసింది. పైన అడుగుల చప్పుడు, కుర్చీలు లాగిన చప్పుడు వినపడ్డాయి. ఏడో రాత్రి దీపాలు మామూలు సన్న కొవ్వొత్తులతోనే పెట్టి ఉంటారు. కాసేపటికి మా తలుపు తట్టారు. గ్రిగొరీ గారు, వెనక మిర్యాం. ఆయన చేతిలో ఒక గుడ్డసంచీ ఉంది. మూతి కట్టి, దానిమీద టేపు చుట్టి, టేపు మీద అడ్డంగా హీబ్రూలో సంతకం చేసి ఉంది. ఇంకోవైపు మరో టేపు, మరో సంతకం.

లోపల పెనం ఉంది. వసంతంలో వచ్చే పస్కా పండక్కి కుదరదు కానీ, వేసవి సెలవుల్లో మళ్ళీ వస్తానని మిర్యాం అందట. అప్పటిదాకా ఆ పెనం పాడవకూడదు. తన ఇంట్లో ఉంటే ఏదో ఒక పొద్దున్న నిద్రమత్తులో దానిలో సాసేజ్ వేయించేస్తానని గ్రిగొరీ గారి భయం. ఆయన జర్మన్‌లో చాలాసేపు చెప్పాడు, మాధవి చాలా తక్కువగా అనువదించింది, మన దగ్గర దాచమంటున్నారని.

"మీ నాన్న మీద నమ్మకం లేక టేపేశావా?" అని మిర్యాంను అడిగాను.

"టేపు మీ కోసం. నాన్న మీద నమ్మకం లేనిది నాన్నకే" అంది.

వాళ్ళు వెళ్ళాక మాధవి ఆ సంచీని రెండు చేతులతో దూరంగా పట్టుకుని నిలబడింది.

"ఏంటి మావయ్యా ఇది? మన ఇంట్లోనే పెట్టుకుని మనం ముట్టుకోకూడదట. తడి తగలకూడదట. టేపు ఊడితే ఫోన్ చెయ్యాలట. నాకు ఈ టెర్మిన్లు, అపాయింట్‌మెంట్లు, ఆఫీసు చాలక ఇప్పుడు పెనానికి కాపలా కూడానా?"

విసుక్కుంటూనే తాళాలు తీసుకుంది. నేనూ వెంట వెళ్ళాను, కిందికి, చలిగా ఉన్న ఆ నేలమాళిగ గదికి. సైకిలు పక్కకు జరిపి, ప్రమిదల పెట్టె ఉన్న అర మీద చోటు చేసింది. పైన వేరే బరువులేవీ పడకుండా చూసి, సంచీని దాని పక్కనే పెట్టింది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి టేపు గట్టిగా ఉందో లేదో వేలితో నొక్కి చూసి, అప్పుడు తాళం వేసింది.